పేరు చెప్పని సాక్షి

మా వదినగారు పోయిన నెల ఫోనులో చూసి ఒక మిక్సీ తెప్పించారు. మూడోనాడు మూత ఊడింది. అయిదోనాడు మోటారు కాలిన వాసన. ఆవిడ ఉన్నమాట రాసి, అయిదు నక్షత్రాలకు ఒకటే ఇచ్చారు. మర్నాడే అమ్మినవాడి ఫోను. "బంగీ పంపింది మేమే గదమ్మా, మీ ఇల్లు మాకు తెలుసు. ఆ మాట కాస్త తీసేయండి" అని. అన్నయ్య కాంపులో వున్నాడు. ఆవిడ తీసేశారు.

"నేను రాసింది అబద్ధమా, మరిదీ? నిజం చెప్పి నేను దాక్కోవడమేమిటి?" అన్నారు.

ఇది మా ఇంటి సంగతే కాదు. అమెరికాలో 1995లో పుట్టిన ఈబే అంగడిలో కొన్నవాడూ అమ్మినవాడూ ఒకరికొకరు మార్కులు వేసుకునేవారు. 1999నాటి లెక్కలు తీసి రెస్నిక్, జెక్‌హౌజర్ అనే ఇద్దరు చూస్తే, కొన్నవారు రాసినవాటిలో నూటికి 99 మెచ్చుకోళ్ళే! వర్తకులంతా హరిశ్చంద్రులయ్యారని కాదు. నేను నిన్నంటే నువ్వు నన్నంటావనే భయమూ వున్నది. 2008లో, అమ్మేవారు కొనేవారికి చెడ్డమార్కు వేయరాదని ఆ అంగడివారే కట్టడి చేశారు.

పోనీ, పేరు లేకుండా రాయనిస్తే? కొననివాళ్ళూ రాస్తారు. ఎదుటి కొట్టువాడు పదిమందిచేత తిట్టిస్తాడు. రాసినవారు కొన్నారని తేలాలి, ఎవరో తేలకూడదు. అదీ చిక్కు.

దీనికి దారి 1982లోనే డేవిడ్ చౌమ్ చూపించాడు. డబ్బు చెల్లింపులకోసం ఆలోచించాడాయన, మనకూ పనికివస్తుంది. మీరొక చీటీమీద ఎవరికీ చూపకుండా పెద్ద అంకె వేసుకుంటారు. లోపల కార్బను కాగితమున్న కవరులో పెట్టి అంటిస్తారు. అంగడివారు మీరు ఫలానా సరుకు కొన్నట్టు చూసుకుని కవరుపైన సంతకం చేస్తారు. అది కార్బనులోంచి చీటీమీద పడుతుంది. ఇంటికి వచ్చి కవరు చించేయండి. వారి సంతకమున్న చీటీ మీ చేతిలో వున్నది, అంకె మాత్రం వారు చూడలేదు. కొన్నాళ్ళాగి ఆ చీటీ జతచేసి మీ మాట పంపితే, సంతకం తమదని ఒప్పుకోక తప్పదు. ఏ కవరులోదో చెప్పలేరు. అదే చీటీ మళ్ళీ వస్తే అంకె పట్టిస్తుంది. కంప్యూటరులో కవరూ కార్బనూ అన్నీ లెక్కలే. "లెక్కలు నాకొద్దు, కవరు చాలు" అన్నారు వదినగారు.

చిట్టా అంగడివాడి చేతిలోనే వుంటే నచ్చని పేజీ చించేయడూ? అందుకు బ్లాక్‌చెయిన్ వున్నది. 2009లో బిట్‌కాయిన్‌తో వాడుకకెక్కింది. చిట్టా ప్రతులు ఎందరి దగ్గరో వుంటాయి, ప్రతి పేజీలోనూ కిందటి పేజీ ఆనవాలు వుంటుంది. ఒకడు ఒకచోట దిద్దితే మిగతావాటితో కలవదు. అబద్ధం ఎక్కినా అల్లాగే వుండిపోతుందనుకోండి. అమ్మేవాడు తన సరుకు తానే కొని తననే పొగుడుకుంటే, ఏ కవరూ ఆపలేదు.

నాకున్న అసలు భయం వేరు. 2006లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ, సుమారు 5 లక్షలమంది చందాదారులు సినిమాలకు వేసిన మార్కులను పేర్లు తీసేసి బయటపెట్టింది. 2008లో అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ ఏం చూపారంటే, ఒకడు మార్కులు వేసిన 8 సినిమాలూ, సుమారు తేదీలూ తెలిస్తే, అందులో రెండు తప్పయినా సరే, నూటికి 99 మందిని విడిగా ఏరవచ్చునట! అందుచేత ప్రతి మాటకూ కొత్త చీటీయే వుండాలి. ఆ వారం ఆ మిక్సీ కొన్నది ఇద్దరే అయితే, చీటీ మాత్రం ఏం దాస్తుంది?

వదినగారు అంతా విని, "అల్లాంటి అంగడి వస్తే మూత సంగతి రాయనా, మోటారు సంగతి రాయనా?" అన్నారు. రెండూ కలిపి మొన్న రాసి తీసేసింది ఆవిడే గదా, వాడు ఇట్టే పోలుస్తాడు. మోటారొక్కటే రాయమన్నాను. "మూత ఊడిందీ నిజమేనయ్యా!" అన్నారావిడ.