ఆరొందల గిల్డర్లు

కోరీ టెన్ బూమ్‌కి ఆ రోజు ఒళ్లు కాలిపోతోంది. ఫ్లూ. కింద వాచీల దుకాణానికి ఎవరో వచ్చారనీ, ఆమెతోనే మాట్లాడాలని పట్టుబడుతున్నారనీ కబురొస్తే తూలుతూనే మెట్లు దిగింది. 1944 ఫిబ్రవరి 28... నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ పట్టణం. అప్పటికి ఆ దేశం నాజీల గుప్పిట్లో ఉంది.

వచ్చినవాడు ముక్కూమొహం తెలియనివాడు. యూదుల్ని దాచినందుకు తన భార్యను పట్టుకెళ్లారన్నాడు. ఓ పోలీసుకి ఆరొందల గిల్డర్లు లంచమిస్తే వదిలేస్తాడన్నాడు. చెబుతున్నంతసేపూ ఆమె కళ్లలోకి చూడలేదు. కోరీకి అనుమానం రాకపోలేదు. ‘మిమ్మల్ని ఎరిగినవాళ్లెవరైనా ఉన్నారా’ అని అడిగింది కూడా. కానీ, ఒకవేళ నిజమైతే? ఒక ఆడమనిషి ప్రాణం! అరగంటాగి రమ్మంది. డబ్బు ఏర్పాటు చేయించి వెళ్లి పడుకుంది.

అతను నాజీల మనిషి. ఆ రోజే గెస్టపో వాళ్లు ఇంటిమీద పడ్డారు.

ఆ ఇల్లు యూదులకు ఆశ్రయమని వాళ్లకు ఉప్పందింది మరి. కోరీ పడగ్గదిలో ఇటుకలతో దొంగగోడ కట్టించి, దాని వెనక మనుషులు నిలబడేంత చోటు చేసి ఉంచారు. సోదా మొదలయ్యేసరికి ఆరుగురు అందులో దూరారు. ఎంత కొట్టి చూసినా గోడ గుట్టు విప్పలేదు. దాదాపు రెండు రోజుల తర్వాత ఆరుగురూ క్షేమంగా బయటపడ్డారు. కుటుంబం మాత్రం దొరికిపోయింది. కిటికీలో ఆల్పీనా గడియారాల బోర్డు ఉంటే ‘అంతా క్షేమం, లోపలికి రావచ్చు’ అని గుర్తు. ఆ సంగతి గెస్టపో వాళ్లు పసిగట్టి, పడిపోయిన బోర్డును మళ్లీ కిటికీలో నిలబెట్టారు. దాన్ని నమ్మి వచ్చినవాళ్లూ వలలో పడ్డారు.

తండ్రి కాస్పర్‌కి ఎనభై నాలుగేళ్లు. అరెస్టయి రెండు వారాలైనా తిరక్కుండానే పోయారు. అక్క బెట్సీ ఆ డిసెంబరులో రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరంలో ప్రాణం విడిచింది. ఇదంతా ఒక్క అబద్ధం ఖరీదు.

నిర్బంధంలో ఉండగానే ఆ మోసగాడి పేరు అక్కాచెల్లెళ్లకు తెలిసింది. కోరీ రగిలిపోయింది. ఎదురుపడితే చంపేద్దామన్నంత కసి. ప్రార్థనకు కూర్చుంటే మాట పెగల్లేదు. బెట్సీ మాత్రం నిమ్మళంగా ఉంది. ‘నీకేం బాధ లేదా’ అని నిలదీస్తే, అతని పేరు గుర్తొచ్చినప్పుడల్లా అతనికోసం ప్రార్థిస్తున్నానంది. పాపం, అతనెంత నరకం అనుభవిస్తున్నాడో అంది! అక్క మాటకు కోరీకి తల కొట్టేసినట్లయింది. వాడు చేతులతో చేసింది తాను మనసులో చేస్తున్నానని అనిపించింది.

1945లో, యుద్ధం ముగిశాక, అతనికి ఉత్తరం రాసింది. అసలు చూడాల్సింది ఆ ఉత్తరంలోనే ఉంది. ‘పోనీలెండి, అయిందేదో అయింది’ అని రాయలేదామె. నన్ను పట్టించింది మీరేనని విన్నానంది. తాను శిబిరంలో పడిన నెలలు, తండ్రి చావు, అక్క చావు... వరసగా లెక్క చెప్పింది. అతను తలపెట్టిన కీడును దేవుడు తనకు మేలుగా మార్చాడంది. అన్నీ చెప్పాకే, క్షమించానంది. మోసాన్ని మోసమని అనకుండా క్షమిస్తే ఆ క్షమాపణ దేనికి?

ఇక్కడే మనవాళ్లు చాలామంది తికమకపడతారు. చీటీ డబ్బులు ఎగ్గొట్టినవాడు ఆదివారం ఆరాధన అయ్యాక ఎదురొచ్చి, ‘క్షమించమని వాక్యంలోనే ఉంది కదా బ్రదర్’ అంటాడు. అడిగినవాడే పాపాత్ముడైపోతాడు! మోసపోయినదానికంటే ఈ రెండో దెబ్బే ఎక్కువ బాధిస్తుంది. పేతురు ఎన్నిసార్లు క్షమించాలని అడిగితే ఏసు ఇచ్చిన జవాబు అందరికీ గుర్తే. మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో అంతకు కాస్త ముందే ఇంకో సంగతుంది. తప్పు చేసినవాడి దగ్గరికి ఒంటరిగా వెళ్లి తప్పు చెప్పాలి. వినకపోతే ఒకరిద్దర్ని వెంట తీసుకెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. ఈ సగం ఎవరూ గుర్తుచేయరు. ఎగ్గొట్టినవాడైతే అసలే చేయడు. పన్ను కట్టొచ్చా కూడదా అని పొగడ్తలతో వల పన్నినవాళ్లకు ఏసు మొదట చెప్పిన మాటేమిటి? మీరు వేషధారులన్నాడు. ఆ తర్వాతే నాణెం చూపించమన్నాడు.

కోరీ తర్వాత ప్రపంచమంతా తిరిగింది. మాట్లాడింది. తొంభై ఒకటో పుట్టినరోజు నాడే, 1983 ఏప్రిల్ 15న, కన్నుమూసింది. ఆమె చేసిన పనుల్లో జనం పెద్దగా తలచుకోనిది ఒకటుంది. యుద్ధం ముగిశాక నాజీలతో చేతులు కలిపిన డచ్చివాళ్లను సొంత ఊళ్లే వెలేశాయి. వాళ్లకు తలదాచుకునే చోటు లేదు, పని దొరకదు. హార్లెమ్‌లో వాళ్లకు ఓ గూడు కావాల్సివచ్చింది. కోరీ తన ఇంటినే ఇచ్చింది. కింద వాచీల దుకాణం, పైన దొంగగోడ ఉన్న ఆ ఇంటినే!