పాత ఫైలే కదా అని మూసేయొద్దు



దశాబ్దాల కింద కనిపించకుండా పోయిన ఆడపిల్లల కేసులను ఇప్పుడు తవ్వి లాభం లేదని గత సంచికలో ఒక పాఠకుడు రాశారు. ఒప్పుకోలేను. "ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుంది" అన్న మాటే దర్యాప్తును మొదటి రోజే చంపేస్తుంది.

హాజీపూర్‌లో జరిగిన ఆడపిల్లల హత్యలను గుర్తుచేసుకోండి. 2015లో మాయమైన పదకొండేళ్ల పాప అవశేషాలు 2019లో పాడుబడ్డ బావిలో బయటపడ్డాయి. అదీ మరో అమ్మాయి శవం దొరికాకే! ఈలోగా ఆ అమ్మాయితో కలిపి ఇద్దరు ఆడపిల్లలు బలైపోయారు.

తప్పిపోయిన పిల్లల ప్రతి ఫిర్యాదుకూ ఎఫ్‌ఐఆర్ కట్టాలని, అపహరణగానే భావించి వెతకాలని సుప్రీంకోర్టు చెప్పింది 2013లో. అంతకుముందు రిజిస్టర్‌లో 'మిస్సింగ్' అని ఒక్క ముక్క రాసి వదిలేసిన పిల్లల సంగతేంటి?

మా దగ్గర ఇంకో చిక్కుంది. 2016లో ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలు ముక్కలయ్యాయి. గోదావరికి అటు మంచిర్యాల, ఇటు పెద్దపల్లి ఇప్పుడు రామగుండం కమిషనరేట్ కింద ఉన్నాయి. మా వాడకట్టులో ఒక పెద్దమ్మ దగ్గర, కనిపించకుండా పోయిన పిల్లది, లామినేషన్ చేయించిన పాస్‌పోర్టు సైజు ఫొటో ఉంది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. ఆ పిల్ల ఫిర్యాదు కాగితం ఏ స్టేషన్ బీరువాలో ఉందో ఆమె ఎవరినడగాలె?

పోలీసు పెద్దలకు మనవి: పాత జిల్లాల మిస్సింగ్ ఫైళ్లన్నీ ఒకచోటికి తెప్పించండి. తల్లిదండ్రులు బతికుండగానే వాళ్ల డీఎన్ఏ నమూనాలు తీసుకుని, గుర్తు తెలియని శవాల రికార్డులతో పోల్చండి.

– ఒక పాఠకురాలు, మంచిర్యాల