పట్టణపు తిథులును మన మతిమఱుపును

ఏ యింటనైనను పెద్దల తిథిని మఱచినచో ఊరు నవ్వును. పంచాంగము చూచి, పురోహితునకు ముందుగా కబురంపి, ఆ దినమును తప్పక జరుపుట మన కుటుంబములలో నేటికిని గల యాచారము. అట్టి మనము, మూడువందల యేండ్లకు పైగా కాపురమున్న యీ చెన్నపట్టణపు తిథులను మాత్రము గాలికి వదలివైచితిమి. ఇది మాకు మిక్కిలి కష్టముగా తోచుచున్నది. తోచినదానిని కప్పిపుచ్చక చెప్పుటయే యీ వ్యాసము పని.

మన సంఘముల యేడాది లెక్క చూడుడు. ఉగాదికి పచ్చడియు పంచాంగశ్రవణమును. సంక్రాంతికి ముగ్గుల పోటీ. రాష్ట్రావతరణమునకు నొక సభ. నడుమ నెవరేని సినిమా ప్రముఖునకు శాలువయు పూలదండయు. పండుగలను మేము కాదనము. కాని మనము చప్పట్లు కొట్టుచున్న యా రాష్ట్రములో మన వీధి లేదు, మన కుళాయి లేదు, మన పిల్లల బడి లేదు. అవి యన్నియు నీ పట్టణమునందే కలవు. ఈ పట్టణపు తేదీలు నాలుగు చెప్పుమని మన పిల్లలనడిగినచో వారు మన ముఖము చూచెదరు. మనము గోడ చూచెదము.

1639వ సంవత్సరము ఆగష్టు 22వ తేదీని పట్టణపు జన్మదినముగా 2004 నుండి యేటేట జరుపుచున్నారు. చంద్రగిరి రాజునకు సామంతుడగు దామెర్ల వేంకటాద్రి నాయకుడు సముద్రపుటొడ్డున నొక యిసుకనేలను ఇంగ్లీషు కంపెనీకి దానపత్రముపై నిచ్చిన దినమది. ఆతని తండ్రి చెన్నప్ప నాయకుని పేరిటనే చెన్నపట్టణమను పేరు కలిగెనని చరిత్రకారులు పలువురు వ్రాసిరి. కంపెనీ పక్షమున నిలిచినవాడు ఫ్రాన్సిస్ డే. నడుమ మాట కలిపిన దుబాసీ బేరి తిమ్మప్ప. 1645లో శ్రీరంగరాయలు ఆ దానమును మఱల స్థిరపఱచెను.

ఈ తేదీయెడ మనవారు రెండు త్రోవలు త్రొక్కుచున్నారు, రెండును చెల్లవు. కొందఱు "ఈ యూరు మేమిచ్చినదే" యని మీసము దువ్వుదురు. కంపెనీకి నేల దొరకుటకు వందల యేండ్లకు ముందే మైలాపూరు కలదు, తిరువొత్తియూరు కలదు. తిరువల్లిక్కేణి పార్థసారథి కోవెలలో పల్లవుల నాటి శాసనము కలదు. దానపత్రపు తేదీ యూరి పుట్టుక తేదీ కానేరదు. తమిళ సోదరుల ప్రాచీన గ్రామములను కలుపుకొని పెరిగిన పట్టణమిది. మఱికొందఱు "మనకేల యీ గొడవ, అద్దెకున్నవారివలె నణగి యుందము" అని నోరు మూసికొందురు. అద్దెకున్నవాని పెద్దల పేరు ఊరి పేరులో నుండునా? మనకు గలది యాజమాన్యము కాదు, భాగము. భాగమును దబాయింపుతో పెంచుటయు తప్పే, బిడియముతో వదలుకొనుటయు తప్పే.

ఆ భాగము ఒక్క దానపత్రముతో ముగియలేదు. 1688 సెప్టెంబరు 29న మద్రాసు కార్పొరేషను ప్రారంభమైనపుడు ఆల్డర్మనులలో చిన్న వేంకటాద్రి పేరు కలదు. అదే కార్పొరేషనునకు పిట్టి త్యాగరాయ సెట్టిగారు తరువాతి కాలమున అధ్యక్షులై, 1920లో థౌజండ్ లైట్సు బడి పిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టించిరి. ఆయన మరణించి 2025తో నూఱేండ్లు నిండినవి. ఆయన పేరిట వెలసిన పేటను మనము "టీ నగర్" అనుచు, ఆ మహనీయుని ఒక్క యక్షరములో దాచివేసి, పట్టుచీరలు కొనుక్కొని వచ్చుచున్నాము.

గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు 1806లో నిచటనే జన్మించిరి. 1844లో క్రెసెంటు పత్రికను, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించిరి. పన్ను వసూలునకై రైతులను చిత్రహింసలు పెట్టుచున్నారని బ్రిటిషు పార్లమెంటు దాక మొఱ వినిపించిరి. దానిపై విచారణసంఘము కూర్చుండి 1855లో నివేదిక నిచ్చెను. తెలుగు రైతా, తమిళ రైతా యని యాయన యెంచలేదు. 1868లో గతించిన యాయనకు 2018లో నూటయేబది యేండ్లు నిండినవి. ఆ యేడు మనలో నెందఱి యిండ్ల నాయన పేరు వినబడెను?

బ్రౌను తెలుగు నిఘంటువు 1852లో వెలువడినదిచట. వావిళ్లవారి ముద్రాక్షరశాల 1854లో వెలసినదిచట. 1914 ఏప్రిల్ 1న ఆంధ్రపత్రిక దినపత్రికయైనదిచట. ఇక 1952 డిసెంబరు 15: మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట, ఏబదియెనిమిది దినముల నిరాహారదీక్ష పిమ్మట పొట్టి శ్రీరాములుగారు ప్రాణము విడిచిరి. ఆయన పుట్టినదియు నీ పట్టణమే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వచ్చెను. చెన్నపట్టణము దానిలో చేరలేదు. పోవలసినవారు పోయిరి. ఉండినవారము మనము. ఆ దినమున చిత్రపటమునకు దండ వేయువారు, ఉండిపోయినవారి బ్రతుకు తరువాత నేమైనదని యొక్కమాటైన మాటాడరేమి?

"పిల్లలకు తెలుగు చదువుటయే రాని దినములలో తేదీలెందు"కని కొందఱడుగుదురు. అందుకే కావలెను. 2006లో బడులలో తమిళము నిర్బంధ పాఠ్యమని చట్టము వచ్చినది. తమిళము నేర్చుట మనకు మేలే. ఉన్న యూరి భాష రానివాడు ఆ యూరివాడు కాలేడు. కాని దానితోపాటు తెలుగును నిలుపుమని అధికారుల నడుగునపుడు మనము చేతులు నలుపుచు కనికరము వేడుచున్నాము. తేదీ లేని కాగితము దస్త్రములో నిలువదని, కచేరీలలో జీవితము గడపిన మాకు బాగుగ తెలియును. నిన్న వచ్చినవారము కామని చెప్పుట చాలదు. ఏ యేడు, ఏ వీధి, ఏ బడి యని చూపవలెను.

కాబట్టి మా మాట యిది. సంఘము లచ్చువేయు క్యాలెండరులో నీ తేదీల నెఱ్ఱసిరాతో వేయుడు. ఆగష్టు 22న పిల్లలను కోట వాకిటినుండి దేవరాజ మొదలి వీధిలోని చెన్నకేశవ, చెన్నమల్లేశ్వరుల కోవెలల దాక నడిపింపుడు. పొరుగు తమిళ కుటుంబములను గూడ పిలువుడు. అటక మీది యిల్లు దస్తావేజులు, బడి సర్టిఫికెట్లు, పెండ్లి శుభలేఖలు పాత కాగితములవాని తక్కెడకెక్కకముందే వానికి నకళ్లు తీసి, ఒక బీరువాలో వరుసగా పెట్టుడు. శాలువల ఖర్చులో సగము దానికి చాలును.

ఇందులో నెవరి యనుమతియు నక్కఱలేదు, ఏ మంత్రిగారి రాకకును కాచుకొని యుండనక్కఱలేదు. వచ్చు ఆగష్టు 22వ తేదీ యే వారమున పడునో నేడే చూచి, వంటయింటి గోడమీద వ్రాసికొనుడు.