వేలిముద్ర పడితే ఒప్పుకున్నట్టేనా?



"ఇక చేసేదేముంది, వేలిముద్ర పడిపోయింది గదా!" ఈ మాట మన పల్లెల్లో తరచుగా వినబడుతుంది. స్టాంపు కాగితం మీద ఒకసారి వేలు పడిందంటే దానికిక తిరుగులేదని నలుగురికి సలహా చెప్పే పెద్దలు సైతం నమ్ముతారు. ఈ నమ్మకంలో సగమే నిజమున్నది. మన దేశంలో ఒప్పందాలకు ఆధారమైన 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, సంతకం ఉన్నదా అని అడిగిన తరువాత ఆ సంతకం ఎలా వచ్చిందని కూడా అడుగుతుంది. ఇరుపక్షాలూ ఒకే సంగతిని ఒకే అర్థంలో ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు స్వేచ్ఛగా జరగాలి. బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు మాట, పొరపాటు అనే వాటిలో ఏదైనా ఆ సమ్మతికి కారణమైతే అది స్వేచ్ఛా సమ్మతి కాదని ఆ చట్టం 14వ సెక్షను చెబుతున్నది.

బలవంతం అనగానే కత్తి, కర్ర గుర్తుకు వస్తాయి. శిక్షాస్మృతి నిషేధించిన పని చేస్తానని బెదిరించినా, ఒకరి ఆస్తిని అక్రమంగా పట్టి ఉంచినా బలవంతమే. అయితే కోర్టులకెక్కిన పాత వ్యాజ్యాలు చూస్తే కత్తి కంటె క్రూరమైన పద్ధతులు కనబడతాయి. 1889లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పిన ఒక వ్యాజ్యంలో పదమూడేళ్ల పిల్ల వితంతువు అయింది. ఫలానా బాలుణ్ణి దత్తత తీసుకుంటేనే గాని భర్త శవాన్ని ఇంట్లోనుండి కదలనివ్వమని బంధువులు అడ్డుపడ్డారు. ఆ పిల్ల ఒప్పుకున్నది. అది స్వేచ్ఛా సమ్మతి కాదని కోర్టు ఆ దత్తతను కొట్టివేసింది. 1917లో అదే హైకోర్టు ముందుకు చిక్కం వారి కుటుంబ వ్యాజ్యం వచ్చింది. ఆత్మహత్య చేసుకుంటానని భర్త బెదిరించగా, భార్యా కొడుకూ తమ ఆస్తి హక్కును అతని సోదరునికి విడిచిపెడుతూ పత్రం రాసిచ్చారు. ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరు అది బలవంతమేనన్నారు. 2024 జూలై 1 నుండి అమలైన కొత్త శిక్షాస్మృతిలో ఆత్మహత్యాయత్నానికి శిక్ష విధించే పాత సెక్షను లేదు గనుక, ఆ తీర్పు పునాదిని గురించి వకీళ్లు మళ్లీ వాదించుకోవచ్చు. భార్య మనసును అలా లొంగదీయడం అనుచిత ప్రభావమనే వాదన మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఉన్నది.

మన కుటుంబాలకు ఎక్కువగా సంబంధించినది ఈ అనుచిత ప్రభావమే. దీనికి అరుపులు, బెదిరింపులు అక్కరలేదు. ఒకరి ఇష్టాన్ని తన చేతిలో ఉంచుకోగల స్థితిలో ఉన్నవారు ఆ స్థితిని వాడుకొని అన్యాయమైన లాభం పొందితే చాలు. అధికారం ఉన్నవారు, నమ్మకస్తులు, వృద్ధాప్యం వల్లనో జబ్బు వల్లనో మనసు బలహీనపడినవారిని చూసుకునేవారు ఇటువంటి స్థితిలో ఉంటారని 16వ సెక్షను అంటున్నది. ఆ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణ మన ఊరిదేనేమో అనిపిస్తుంది. అప్పులో ఉన్న రైతు ఊరి వడ్డీ వ్యాపారి దగ్గర మరల అప్పు తీసుకుంటాడు. షరతులు చూస్తే దారుణంగా ఉంటాయి. అప్పుడు తాను ఒత్తిడి చేయలేదని రుజువు చేసుకోవలసిన భారం వ్యాపారి మీదనే పడుతుంది. వడ్డీ ఎక్కువ అన్నది ఒక్కటే కారణమైతే మాత్రం చాలదు.

తండ్రి వీలునామా రాయకుండా చనిపోయాడనుకుందాం. మన క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం ఆస్తిలో మూడవ వంతు తల్లికి, మిగిలిన రెండు వంతులు కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా వస్తాయి. జ్ఞాపకార్థ కూడిక ముగుస్తుంది, బంధువులు ఇంకా పందిట్లో ఉండగానే హక్కు విడుదల పత్రం బయటకు వస్తుంది. "నీ పెళ్లికి ఖర్చు పెట్టాం గదమ్మా, పుట్టింటి తలుపు తెరిచి ఉండాలా వద్దా?" అని అన్న అంటాడు. అందరూ చూస్తుండగా చెల్లెలు వేలు అద్దుతుంది. ఆమె మనస్ఫూర్తిగా తన వాటా వదులుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు, అటువంటి అక్కచెల్లెళ్లు ఉన్నారు. కాని అక్కడ ఆమెకు కాదనే వీలు ఉన్నదా అన్నదే ప్రశ్న. ఇక్కడ ఒక చిక్కును కూడా చెప్పాలి. నాకు వాటా ఉన్నదని తెలియక సంతకం చేశాను అని మాత్రమే చెబితే ఆ పత్రం రద్దు కాదు. చట్టం తెలియకపోవడాన్ని 21వ సెక్షను సాకుగా ఒప్పుకోదు. ఎవరు ఏమని నమ్మించారు, ఏ ఒత్తిడి పెట్టారు అన్నది చూపాలి.

వృద్ధుల విషయంలో సుప్రీంకోర్టు 2003లో ఒక మంచి తీర్పు ఇచ్చింది. పత్రం రాసిచ్చాడని చెప్పిన వ్యక్తికి నూరేళ్లు దాటాయి, చదువు రాదు, పక్షవాతం. అటువంటి మనిషి చేత రాయించుకొని లాభం పొందినవారే ఆ లావాదేవీ న్యాయమైనదని రుజువు చేయాలని కోర్టు చెప్పింది. అంతమాత్రాన తండ్రి కొడుక్కి రాసిచ్చిన ప్రతి పత్రమూ అనుమానించదగినది కాదు. బంధుత్వం ఒక్కటే రుజువు కాదని కోర్టులు పదే పదే చెప్పాయి.

ఆత్మీయ నాయకుల సంగతి కూడా దాటవేయరాదు. 1890లో అలహాబాదు హైకోర్టు ముందుకు వచ్చిన వ్యాజ్యంలో ఒక వృద్ధుడు పరలోక ఫలం ఆశించి తన యావదాస్తినీ గురువుకు రాసిచ్చాడు. కోర్టు దానిని రద్దు చేసింది. క్రైస్తవులమైన మనకు మరింత దగ్గరది ఇంగ్లండులో 1887లో తీర్పు వచ్చిన ఆల్‌కార్డ్ వ్యాజ్యం. ఒక స్త్రీ ప్రొటెస్టెంటు సహోదరీ మఠంలో చేరి, తన ఆస్తిని మఠం పెద్ద చేతిలో పెట్టింది. పెద్ద అనుమతి లేనిదే బయటివారి సలహా తీసుకోరాదని అక్కడి నియమం. ఆ నియమాన్ని బట్టే ఆమె దానం స్వేచ్ఛగా చేసినది కాదని న్యాయమూర్తులు గ్రహించారు. అయినా ఆమెకు ఆస్తి తిరిగి రాలేదు. 1879లో మఠం విడిచిన ఆమె 1885 వరకు దావా వేయలేదు. ఆ ఆలస్యమే ఆమెను ఓడించింది. ఒంటరి వృద్ధురాలు మందిరానికి స్థలం రాసిస్తానన్నప్పుడు సంఘ పెద్దలు ఆమెను ముందుగా తమకు సంబంధం లేని వకీలు దగ్గరకు పంపడం మంచిదని మేము అభిప్రాయపడుతున్నాము. ఆమె పిల్లలకు తెలియకుండా రాయించుకోవడం సాక్ష్యానికీ మంచిది కాదు.

మోసం, తప్పుడు మాట అనేవి అన్నదమ్ముల వంటివి. తెలిసి అబద్ధమాడితే మోసం, నిజమేనని నమ్మి తప్పు చెబితే తప్పుడు మాట. మరి నోరు మెదపకుండా ఊరుకుంటే? సంతలో రోగమున్న పశువును అమ్ముతూ ఏమీ చెప్పకపోతే మామూలుగా అది మోసం కాదు, కొనేవాడే చూసుకోవాలి. అయితే "ఏమీ అనకపోతే బాగున్నదనే అనుకుంటాను" అని కొనేవాడు అన్నప్పుడు మౌనంగా ఉంటే ఆ మౌనం మాటతో సమానం. అప్పుడే యుక్తవయసు వచ్చిన కూతురికి తండ్రి అమ్ముతుంటే ఆమె అడగకపోయినా లోపం చెప్పవలసిందే. చట్టంలో ఈ ఉదాహరణ గుర్రం మీద ఉన్నది, మేము పశువుగా మార్చాము. పొరపాటు సంగతి క్లుప్తంగా చెబుతాము. ఒప్పందానికి మూలమైన విషయంలో ఇద్దరూ పొరబడితే అసలు ఒప్పందమే లేదు. ఒక్కరే పొరబడితే సాధారణంగా రద్దు కాదు.

బలవంతం, ప్రభావం, మోసం, తప్పుడు మాట వల్ల జరిగిన ఒప్పందం దానంతట అదే చెడిపోదు. నష్టపోయినవారు కోరితేనే రద్దవుతుంది, కావాలంటే వారు దానిని నిలుపుకోవచ్చు కూడా. మోసం చేసినవానికి ఆ హక్కు లేదు. అప్పు పత్రమని చెప్పి అమ్మకం దస్తావేజు మీద వేలిముద్ర వేయిస్తే సంగతి వేరు. పత్రం ఎటువంటిదో అన్న విషయంలోనే మోసపుచ్చితే అది మొదటినుండీ చెల్లదని సుప్రీంకోర్టు 1968లో వివరించింది. రిజిస్టరు అయినంత మాత్రాన ఈ లోపాలు మాసిపోవు.

రద్దు కోరేవారు తాము పొందిన సొమ్మును తిరిగి ఇవ్వాలి. సంగతి తెలిసిన తరువాత కూడా మిగిలిన సొమ్ము పుచ్చుకుంటే ఒప్పుకున్నట్టే అవుతుంది. పత్రం రద్దుకు దావా వేయడానికి గడువు, విషయం తెలిసిన నాటినుండి మూడేళ్లు. "మోసం చేశారు" అని ఊరికే రాస్తే కోర్టు వినదు. ఎవరు, ఏ తేదీన, ఏ మాట చెప్పి చేశారో దావాలో రాయాలి. అందుచేత గుర్తున్నప్పుడే తేదీలు కాగితం మీద పెట్టుకోండి, పత్రం నకలు రిజిస్ట్రారు ఆఫీసులో తీసుకోండి.

చూసుకుంటామని చెప్పి రాయించుకొని తరువాత తల్లిదండ్రులను వదిలేసిన పిల్లల విషయంలో 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం ఇంకొక దారి చూపింది. 60 ఏళ్లు నిండినవారు పోషణ షరతుతో ఆస్తి ఇచ్చి, ఆ పోషణ అందకపోతే, ఆ బదిలీని మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టు భావించి ఆర్.డి.ఓ. ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. ఆ షరతు ఉన్నట్టు చూపాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది గనుక, దానపత్రం రాసేటప్పుడే "నన్ను జీవితాంతం పోషించాలి" అనే వాక్యం రాయించమని దస్తావేజు లేఖరిని అడగండి. రాయించిన తరువాత చదివించుకొని వినండి. చదివేది రాయించుకునే కొడుకు కాకుండా మరొకరైతే మంచిది. ఇప్పటికే చిక్కులో ఉన్నవారు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు.