మన్నును అచ్చును

మన ప్రాచీన సంస్కృతిని గూర్చి సభలయందు దీర్ఘోపన్యాసములు సాగుచున్నవి. మంచిదే! కాని పోలవరమునకు ఎగువ గోదావరిగట్టు పల్లెలు జలాశయగర్భమున కలియుచుండగా, వానితో పోవు కుమ్మరి మంటిగుంటను, ఆవమును తలచినవా రెందరు? 2014 చట్టము దీనిని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించినది. ఇంటికి పరిహారము కట్టిరి, సారెకు కట్టినదేమి?

మనకు అచ్చు అను మాట యొక్కటియే. గ్రంథమునకు అచ్చు, పెడన కలంకారి బట్టకు టేకు అచ్చు, మంటిబొమ్మకును అచ్చే. ఆ టేకుదిమ్మెలపై మునుగు పల్లెల పేళ్లను ఎదురుతిప్పి చెక్కి, పచ్చిమంటి పలకలపై నొక్కి కాల్చినచో, నీట బడినను అక్షరము చెరగదు. దామెర్ల రామారావు పేర చిత్రశాల గల రాజమహేంద్రవరమున ఈ పనికి ఒక గది దొరకదా? పునరావాస కాలనీలలో స్మారకస్తంభములకు ముందు కుమ్మరికి మన్ను చూపుడు.