రూసెల్ ‘పద్మావతి’: నేరమొకరిది, నింద మరొకరికి

ఆల్బేర్ రూసెల్ స్వరపరచిన ‘పద్మావతి’ (పారిస్, 1923) అనే ఫ్రెంచి ఒపెరాను పరదేశి పగటివేషమని కొట్టిపారేసేవారితో నాకు పేచీ ఉన్నది. 1909లో మన దేశానికి వచ్చి చిత్తోడ్ శిథిలాలను కన్నులారా చూచినవాడాయన. మన రాగాలను అరువు తెచ్చి అతికించలేదు. వాటి ఛాయలో స్వంత బాణీ కట్టుకొన్నాడు. రెండవ అంకంలో, శివాలయాన, ఆ బృందగానం వినండి, ఆపైన వాదింతము.

లోపం లేదనను. మొదటి అంకంలో అల్లాఉద్దీను ముందర నాట్యాలు సాగినంతసేపూ కథ కదలదు. నాయిక గొంతు వినబడేది బహుస్వల్పం.

అసలు దోషం కథ కూర్చిన లూయీ లలువాది. జాయసీ కావ్యంలో రత్నసేనుడు దేవపాలునితో ద్వంద్వయుద్ధం చేసి గాయపడి మరణిస్తాడు. ఇక్కడనో, నగరరక్షణకై శత్రువు వద్దకు పొమ్మన్న భర్తను పద్మావతియే పొడిచి చంపి, అతని చితి నెక్కుతుంది! ఆ పాపం నుండి అతణ్ణి కాపాడడానికేనట! ఈ వింత పాతివ్రత్యానికి స్వరకర్తనా శిక్షించడం?