స్వస్థత ఎవరి సొత్తు?

దూలపల్లి వంటి నగరోపాంత గ్రామములలో ఆషాఢ శ్రావణ మాసములు వచ్చినంతనే రెండు ఆహ్వానములు వినవచ్చును. ఒకటి పోచమ్మతల్లి బోనములకు, రెండవది స్వస్థత కూటములకు. బిడ్డకు తగ్గని జ్వరము, భర్తకు మానని మద్యపానము, ఇంటికి తీరని ఋణము కలిగిన తల్లి ఉదయము వేపకొమ్మలతో అమ్మవారి ముంగిట నిలిచి, సాయంకాలము ప్రార్థనామందిరమున మోకరిల్లుట అపూర్వమేమియు కాదు. ఆమెను చంచలబుద్ధి గలదని నిందించువారు ఇరుపక్షములందును ఉన్నారు. ఆ నింద ధర్మసమ్మతము కాదు.

స్వస్థత అను పదము నేడు క్రైస్తవసభలలో అధికముగా వినబడుచున్నను, దాని మూలము సంస్కృతము. తనయందు తాను నిలిచియున్నవాడే స్వస్థుడు. సుశ్రుతాచార్యులు స్వస్థుని లక్షణమును చెప్పునపుడు దోషధాతువుల సామ్యముతో ఆగక, మనస్సు, ఇంద్రియములు, ఆత్మ ప్రసన్నముగా ఉండవలెనని కూడ చేర్చిరి. కావున దేహబాధను తీర్చి మనస్సున భయమును నాటినచో అది స్వస్థత కాజాలదు.

అట్టి భయము ఎట్లు పుట్టునో పశ్చిమాఫ్రికాలోని ఎవే జాతి చరిత్ర చూపుచున్నది. నేటి ఘానా, టోగో దేశములలో నివసించు ఈ జనుల నడుమకు 1847లో జర్మనీనుండి మిషనరీలు వచ్చిరి. ఎవే ప్రజలు పరమేశ్వరుని పిలుచుకొను ‘మావు’ అను నామమునే వారు బైబిలు దేవునికి స్వీకరించిరి. కాని రోగము వచ్చినపుడు, ఆపద మూగినపుడు ఆ ప్రజలు ఆశ్రయించు ‘ట్రో’ దేవతలను మాత్రము సైతాను పరివారమున చేర్చిరి. దానివలన ఆ దేవతలు అదృశ్యము కాలేదు. పూజ్యులుగా ఉండినవారు భయంకరులై మిగిలిరి. మిషను చర్చిలో తమ కష్టములకు ఉపశమనము కానరాని అనేకులు తరువాతి కాలమున దుష్టశక్తులను వెడలగొట్టు ప్రార్థనాసంఘములను చేరిరి.

తెలుగునాట జరిగినదియు దీనికి దూరము కాదు. బైబిలు అనువాదమున పరమాత్మకు ‘దేవుడు’ అను మన మాటయే నిలిచినది. దుష్టశక్తికి ‘దయ్యము’ అను మాట వచ్చినది. దైవమునకు వికృతియే దయ్యము. ప్రాచీనకావ్యములలో ఆ పదము దేవుడను అర్థమునను కలదు. అయితే ఈ అర్థపతనమునకు మిషనరీలను మాత్రమే కారకులనుట అసత్యము. గ్రామదేవతలను క్షుద్రదేవతలని ఈసడించిన పండితులు వారికి పూర్వమే మనలో ఉన్నారు.

ఆ ఈసడింపు అజ్ఞానజనితము. సికింద్రాబాదు ఉజ్జయినీ మహాకాళి ఆలయకథ 1813 నాటి మహమ్మారితో ముడిపడినది. సైన్యమున డోలీ మోయుచుండిన సురిటి అప్పయ్య వ్యాధి శమించినచో తల్లిని ప్రతిష్ఠింతునని ఉజ్జయినిలో మ్రొక్కుకొనెనని, 1815లో ఆ మ్రొక్కు తీర్చెనని ప్రసిద్ధి. క్రొత్త కుండలో వండిన అన్నము, పసుపు, వేపాకు, పైన వెలుగు దీపము: ఈ బోనము రోగభయమును ఊరంతయు కలిసి మోసిన విధానము. ఒక్క ఇంటి దుఃఖము అందరి దుఃఖమగుటయే దానియందలి ఔషధము.

మరి ఆ తల్లి ప్రార్థనామందిరమునకు ఏల పోవుచున్నది? ఈ ప్రశ్నను ఆలయములు తమకు తామే వేసికొనవలెను. మెదకు మహాదేవాలయమును 1914 నుండి 1924 వరకు కట్టించిన పాస్నెట్టు కరవుకాలమున ఆకలిగొన్నవారికి పని చూపి అన్నము పెట్టెను. అదే కాలమున అనేక దేవాలయముల గడపలు మాల మాదిగలకు మూయబడియుండెను. నేటికిని పాస్టరు రోగి ఇంటికి పోయి, పేరుతో పిలిచి, ప్రక్కన కూర్చుండి ప్రార్థించును. అర్చకుడు గోత్రనామములడిగి, హారతి ఇచ్చి, తలుపు మూయును. విడువబడినవారు తమను పిలిచిన చోటికి పోవుదురు. ఇందు వారి దోషమేమి?

గీత యొక్క సప్తమాధ్యాయము నలుగురు భక్తులను పేర్కొనుచు, వారిలో ఆర్తుని కూడ పుణ్యాత్ముల నడుమనే నిలిపినది. నవమాధ్యాయము అన్యదేవతలను శ్రద్ధతో అర్చించువారి పూజయు భగవంతునికే చేరునని బోధించినది. ఈ వాక్యములను ప్రవచనములలో వినిపించి, వీధిలో ఎదురైన ఆర్తురాలిని తూలనాడుట ఆత్మవంచన.

పోచమ్మ దయ్యమని బోధించు పాస్టరు ఆ తల్లి పుట్టినింటి జ్ఞాపకమును గాయపరచుచున్నాడు. యేసును ఆశ్రయించినందుకు ఆమెను వెలివేయు పూజారియు అదే గాయమును లోతు చేయుచున్నాడు. బిడ్డను వైద్యునివద్దకు తీసికొనిపోవుటయు, ఆమె నమ్మిన చోట ఆమెను మ్రొక్కుకొననిచ్చుటయు ఇరువురి కర్తవ్యము. వ్యాధిగ్రస్తుల ఇండ్లకు అర్చకుడు వారమునకొకమారైనను నడచి వెళ్లినచో, ఆ తీర్థప్రసాదములకన్న ఆ అడుగులే ముందుగా స్వస్థత కలిగించును.